ఐదింటిలో ఒకటి దైవం

నెల్లూరు జిల్లా విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట మండలాల్లో రొయ్యల చెరువులు సాగుచేసే ఊళ్లలో లాభనష్టాల మాటలు వింటే ఒక తేడా ఇట్టే తెలిసిపోతుంది. పట్టుబడిలో 30 కౌంటు, అంటే కిలోకు 30 రొయ్యలు తూగేంత పెద్ద సరుకు తేలి, మంచి ధర పలికిన ఏడాది ఆ మాటల నిండా ‘నేను’ ఉంటుంది. సీడ్, అంటే రొయ్య పిల్లలను నేను ఎంచాను, మేత నేను సర్దాను, ఫలానా రోజున పట్టాలని నేనే నిర్ణయించాను. తెల్లమచ్చ వైరస్ తగిలి చెరువు ఊడ్చుకుపోయిన ఏడాది ఆ ‘నేను’ ఎక్కడా కనిపించదు. ప్రాప్తం లేదు, రాసిపెట్టి లేదు, ఎవరి ఉసురో తగిలింది, నా ఖర్మ. చెరువూ అదే, మనిషీ అతడే. కర్మ సిద్ధాంతం మాత్రం నష్టం వచ్చిన ఏడాదే గుర్తుకొస్తుంది.

రొయ్యల రైతును ఎత్తిచూపడానికి చెప్పే మాట కాదిది. పరీక్ష ఫలితాలు వచ్చిన ఇంట్లో, ఓట్ల లెక్కింపు ముగిసిన పార్టీ కార్యాలయంలో, పెళ్లి సంబంధం తప్పిపోయిన చోట జరిగేదీ ఇదే. గెలుపును అహంకారం తన పేరున రాసుకుంటుంది, ఓటమిని విధి ఖాతాకు మళ్లిస్తుంది. కర్మ, తలరాత, అహంకారం, పునర్జన్మ అన్నవి నాలుగు వేరువేరు విషయాలుగా చర్చకు వస్తుంటాయి కానీ, ఈ చిన్న అలవాటును పట్టుకుని లాగితే నాలుగూ ఒకదాని వెంట ఒకటి బయటకు వస్తాయి.

భగవద్గీత పద్ధెనిమిదో అధ్యాయం ఈ లెక్కను మరోలా వేసింది. ఏ పని నెరవేరాలన్నా ఐదు కారణాలు కావాలంటుంది: పని జరిగే చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. చెరువు దగ్గర నిలబడి చూస్తే ఈ శ్లోకంలో వేదాంతం కన్నా అనుభవమే ఎక్కువ కనిపిస్తుంది. చోటంటే నేల, నీరు, వాటి లవణీయత. చేసేవాడు రైతు. సాధనాలు హేచరీ సీడ్, మేత, నీటిలోకి గాలిని కలిపే ఏరియేటర్లు, కరెంటు పోతే ఆదుకునే డీజిల్ జనరేటర్. ప్రయత్నమంటే చెక్‌ట్రే ఎత్తి మేత మిగిలిందో లేదో చూడటం, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలే వేళకు కాపలావాడు మేలుకుని ఉండటం. ఇక దైవం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు దాని దెబ్బ ఇక్కడి చెరువు గట్టు దాకా వచ్చింది. ఆ నిర్ణయం తీసుకున్నవారికి అల్లూరు ఎక్కడుందో తెలియదు, అల్లూరు రైతు చేతిలో ఆ నిర్ణయమూ లేదు. మనిషి పట్టుకు చిక్కనిదాన్ని దైవం అనుకుంటే ఇది అచ్చంగా దైవమే, వాషింగ్టన్‌లో కూర్చున్న దైవం.

గీత లెక్కలో దైవానికి ఐదింటిలో ఒక వాటా ఉంది. అంతా దైవమే అనలేదు, దైవం లేనే లేదనీ అనలేదు. వెంటనే వచ్చే పదహారో శ్లోకం ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. ఇన్ని కారణాలు ఉండగా తనొక్కడే కర్తనని అనుకునేవాడికి చూపు సరిగా లేదంటుంది. ఇది లాభం వచ్చిన ఏడాది రైతుకు తగిలే మాట. నష్టం వచ్చిన ఏడాదికీ అంతే తగులుతుంది. ‘లోకంలో అందరికీ బాగానే ఉంది, నాకే ఇలా రాసిపెట్టాడు’ అనుకోవడంలోనూ విశ్వమంతా తన చుట్టూ తిరుగుతోందన్న భావమే ఉంది. గొప్పలు చెప్పుకునే అహంకారాన్ని ఊరంతా గుర్తుపడుతుంది. కుమిలిపోయే అహంకారాన్ని మాత్రం వినయమని పొరబడతారు.

కర్మ మూడు రకాలని పురాణ కాలక్షేపాల్లో విననివారు ఉండరు. ఇదివరకు పోగుపడినది సంచితం, అందులో ఇప్పుడు అనుభవానికి వచ్చినది ప్రారబ్ధం, కొత్తగా చేరేది ఆగామి. గ్రంథాలు అంబులపొదితో పోల్చి చెబుతాయి గానీ నెల్లూరు రైతుకు సోమశిల ఇంకా దగ్గరి ఉదాహరణ. 78 టీఎంసీల ఆ జలాశయంలో నిలిచిన నీరు సంచితం. అది ఏ ఏటి వానో, ఏ జిల్లా వాగులదో ఇక విడదీసి చెప్పలేం. గేట్లు ఎత్తాక కాలువలో పారుతున్న నీరు ప్రారబ్ధం, దాన్ని వెనక్కి పిలవలేం. పైనుంచి ఈ పూట వచ్చి చేరుతున్నది ఆగామి. వదిలిన నీటిని ఆపలేకపోవచ్చు, అది ఏ పొలానికి పారాలో, ఏ పైరు వేయాలో మాత్రం ఇంకా రైతు చేతిలోనే ఉంటుంది. ప్రారబ్ధం అన్న మాటకు శాస్త్రాల్లో ఉన్న బలం ఇంతే. వాడుకలో దానికి మొత్తం జలాశయాన్నీ, కురవబోయే వాననూ కూడా కలిపేశారు.

ఈ కలపడంలో పోయింది చిన్నదేమీ కాదు. కర్మను బోధించినవారూ, అంతా ముందే రాసి ఉందని బోధించినవారూ మన దేశంలో ఒకరికొకరు ఎదురు నిలిచి వాదించుకున్నారు. బుద్ధుడి కాలంలోనే ఆజీవకులనే సన్యాసి శాఖకు గురువైన మక్ఖలి గోశాలుడు నియతివాదాన్ని తెగేసి చెప్పాడు. మనిషి చేతలో బలం లేదు, ప్రయత్నం లేదు, పురుషకారం, అంటే మనిషి పూనిక లేదు. దారపు ఉండ విసిరితే చివరిదాకా దొర్లి ఎలా ఆగుతుందో ప్రాణులన్నీ అలా తిరగాల్సినంత తిరిగి ఆగుతాయన్నాడు. బుద్ధుడు దీన్ని అత్యంత హానికరమైన బోధగా ఖండించాడు. చేతకు ఫలం ఉందని నమ్మేవాడు, చేత అనేదే లేదన్న మాటను ఎలా ఒప్పుకుంటాడు? గుండ్లకమ్మ ఒడ్డున చందవరం కొండ మీద స్తూపం కట్టించినవారి ధర్మం ఇది. ఆ ధర్మంలో చేతన, అంటే ఉద్దేశమే కర్మ. చెయ్యి కదలడానికి ముందు మనసులో పుట్టిన సంకల్పానికే అక్కడ లెక్క. ‘అంతా కర్మ’ అంటూ చేతులు కట్టుకు కూర్చున్న పెద్దమనిషి, పాపం, తనకు తెలియకుండానే కర్మవాదుల పక్షం వదిలి గోశాలుడి పక్షం చేరిపోయాడు.

తిక్కన సోమయాజి నెల్లూరులో మనుమసిద్ధి కొలువున ఉండి తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో ఆనుశాసనిక పర్వం ఒకటి. సంస్కృత భారతంలో ఆ పర్వం ఒక చిక్కు కథతో మొదలవుతుంది. కర్మ గురించి మన వాఙ్మయంలో ఇంత నిజాయితీగా సాగిన వాదం అరుదు. యుద్ధం ముగిసింది. అంపశయ్య మీద ఉన్న భీష్ముణ్ణి చూసి ధర్మరాజు తల్లడిల్లిపోతాడు. ఈ దశకు కారణం నేనే, నాకిక శాంతి లేదంటాడు. భీష్ముడు అడిగే మొదటి ప్రశ్నే గుచ్చుకుంటుంది: పరాధీనుడివైన నిన్ను నువ్వే కారణంగా ఎలా చూసుకుంటున్నావు? ఓదార్పుగా మొదలైనట్టు కనిపించినా, అది ధర్మరాజు దుఃఖంలో దాగిన కర్తృత్వం, అంటే ‘అంతా నేనే చేశాను’ అన్న భావం మీద వేసిన దెబ్బ.

ఆపైన కథ. గౌతమి అనే వృద్ధురాలి కొడుకు పాము కాటుకు చనిపోతాడు. అర్జునకుడనే వేటగాడు ఆ పామును తాడుతో కట్టి తెస్తాడు. నిప్పుల్లో వేయనా, ముక్కలుగా నరకనా, చెప్పమంటాడు. వదిలిపెట్టమంటుంది గౌతమి. దీన్ని చంపితే నా బిడ్డ లేచి రాడు కదా అంటుంది. వేటగాడు ఒప్పుకోడు. బతికి ఉంటే ఇది ఇంకెందరినో కాటేస్తుంది, శత్రువును చంపడమే మేలంటాడు. అప్పుడు పాము నోరు విప్పుతుంది. నా తప్పేముంది, మృత్యువు పంపితే వచ్చాను, నా కోపంతో కాటేయలేదంటుంది. ఎవరు పంపినా కాటు వేసింది నువ్వే, కుండ చేయడంలో చక్రానికీ కర్రకూ వాటా ఉన్నట్టే నీకూ ఉందంటాడు వేటగాడు. చక్రమూ కర్రా తమంత తాము తిరగవు కదా అంటుంది పాము.

ఈలోగా మృత్యువే వస్తుంది. నన్ను కాలం నడిపింది, గాలి మేఘాలను తోలినట్టు తోలింది, నాదేమీ లేదంటుంది. మీరిద్దరూ దోషులేనని వేటగాడు ఇద్దరినీ తిడతాడు. చివరికి కాలమే వచ్చి తీర్పు చెబుతుంది: నేనూ కాదు, మృత్యువూ కాదు, పామూ కాదు, ఆ పిల్లవాడి కర్మే మమ్మల్ని కదిలించింది. గౌతమి విని, వాడు తన కర్మ వల్ల పోయాడు, కొడుకును పోగొట్టుకునే కర్మ నేనూ చేసుకున్నాను, కాలాన్నీ మృత్యువునూ వెళ్లనీ, పామును విడిచిపెట్టు అంటుంది.

పైపైన చదివితే కాలం తీర్పే కథకు ముగింపు. నిదానంగా చదివితే వేటగాడి వాదం ఎక్కడా పూర్తిగా ఓడిపోలేదని తెలుస్తుంది. ‘పైవాళ్లు చెప్పారు, చేశాను’ అన్న పాము మాట ఏ న్యాయస్థానంలోనూ నిలవదు, నిలవకూడదు కూడా. కాలం చెప్పిన సమాధానం తర్కానికి సరిపోవచ్చు గానీ అభం శుభం తెలియని పిల్లవాడి మీద మొత్తం భారం వేసేసి చేతులు దులుపుకుంటుంది. కథను నిలబెట్టింది గౌతమి. ఆమె కాలం చెప్పకముందే పామును వదిలేయమంది, చెప్పాకా అదే అంది. ‘నా కర్మ’ అన్న మాట ఆమె నోట వచ్చినప్పుడు ఒక చావు గొలుసు అక్కడితో తెగింది. ఆ మాటే వేటగాడు ఆమె ముందు నిలబడి ‘నీ కర్మ తల్లీ’ అని ఉంటే? అక్షరాలు అవే, అర్థం మాత్రం క్రూరంగా మారిపోయేది. ‘చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా’ అన్న సామెతను ఎవరికి వారు అనుకుంటే ఆత్మపరీక్ష, పక్కింటి వాకిట నిలబడి అంటే శాపనార్థం.

ఇంకో సంగతి. ఆ కథ యుద్ధం అయిపోయాక చెప్పింది. జరిగినదాన్ని మోయడానికి పనికొచ్చే మాట అది, జరగబోయేదానికి అనుమతి పత్రం కాదు. యుద్ధానికి ముందు చెప్పిన గీతలో ‘వీళ్లంతా ముందే నా చేత చచ్చారు, నువ్వు నిమిత్తమాత్రుడివి అవ్వు’ అన్న పదకొండో అధ్యాయపు మాట ఉందిగా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది, ఇబ్బంది పెట్టే మాటే. ఆ ఒక్క శ్లోకాన్ని విడిగా పట్టుకుని నానా అఘాయిత్యాలనూ సమర్థించుకోవచ్చు. కానీ అదే గీత ముగింపుకు వచ్చేసరికి కృష్ణుడు అర్జునుడితో, ఇదంతా బాగా ఆలోచించి నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అంటాడు. అంతా ముందే తేలిపోయి ఉంటే ఆలోచించమని అడగడం దేనికి?

ఇక పక్కవారి కర్మ గురించి తీర్పులు చెప్పే అలవాటు ఎంత ఖరీదైనదో పొదిలి, దర్శి, కనిగిరి మెట్ట ప్రాంతాలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పసుపు, గోధుమ రంగు చారలు పడిన గార పళ్లు, వంకర తిరిగిన కాళ్లు, నలభై ఏళ్లకే వంగిపోయిన నడుములు, చెయ్యి ఎత్తి తల దువ్వుకోలేనంతగా బిగుసుకుపోయిన కీళ్లు. ఒక ఇంట్లో ఒకరికైతే జబ్బనుకోవచ్చు, ఊరికి ఊరే అలా ఉంటే వినేవారికి తేలిగ్గా నచ్చే వివరణ పూర్వజన్మ పాపమో, గ్రామదేవత ఆగ్రహమో అవుతుంది. నిజానికి మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొట్టమొదట గుర్తించి నమోదు చేసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే, 1937లో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు.

కారణం తాగే నీళ్లలో ఉంది. ఫ్లోరిన్ ఖనిజాలున్న రాతి పొరల మధ్య నీరు ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఫరవాలేదని మన ప్రమాణాలు చెబుతాయి. వానలు తక్కువై, చెరువులు ఎండి, బోర్లు లోతుకు వెళ్లేకొద్దీ ఈ హద్దు దాటుతుంది. ఎండలో కూలి పని చేసేవాడు నీళ్లు ఎక్కువ తాగుతాడు. తిండిలో పాలూ కాల్షియమూ తక్కువైతే విషం ఎముకకు ఇంకా గట్టిగా పడుతుంది. అంటే ఒకే ఊరి నీళ్లు తాగినా పేదవాడి ఎముకలే ముందు వంగుతాయి. దీన్ని చూసి ‘పేదవాడి ఖర్మ’ అనడం ఎంత తేలికో, ఎంత తప్పో రసాయన శాస్త్రం తెలిశాక కదా అర్థమయ్యేది.

ఆశ్చర్యమేమిటంటే, బుద్ధుడు ఇలాంటి తప్పునే రెండున్నర వేల ఏళ్ల కిందట పట్టుకున్నాడు. శివకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని వల్లేనని కొందరు అంటారు, మీరేమంటారని అడిగాడు. బుద్ధుడు ఎనిమిది కారణాలు వరసగా చెప్పాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి వికటించడం, ఋతువుల మార్పు, ఒళ్లు చూసుకోకపోవడం, పరుల వల్ల కలిగే దెబ్బ, ఎనిమిదోది కర్మఫలం. అంతా పూర్వకర్మే అనేవారు తమ అనుభవాన్నీ, లోకం నిజమని ఒప్పుకున్నదాన్నీ దాటి మాట్లాడుతున్నారని కుండబద్దలు కొట్టాడు. కర్మను గట్టిగా నమ్మిన గురువు నోట వచ్చిన మాట కాబట్టి దీనికి అంత విలువ. గీతలో దైవానిది ఐదో స్థానం, ఇక్కడ కర్మది ఎనిమిదో స్థానం. మన సంభాషణల్లో మాత్రం రెండింటికీ మొదటి పీట.

‘తాగుబోతు మొగుడు నా తలరాత’ అన్నది ఈ జిల్లాల్లో తరతరాలుగా తల్లులు కూతుళ్లకు అప్పగించిన వాక్యం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడుల వాచకంలో సారా వల్ల కాపురం ఎలా కూలుతుందో చెప్పే పాఠం ఉంది. దూబగుంటలో ఆ పాఠం చదువుకున్న ఆడవాళ్లు పలకలు పక్కన పెట్టి సారా దుకాణం మీదికి వెళ్లారు. 1992లో అలా మొదలైంది జిల్లా అంతా పాకింది. ఊళ్లోకి సారా ప్యాకెట్లు రాకుండా కాపలా కాశారు, వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది, అది ఎక్కువ కాలం నిలవకపోవడం వేరే కథ. ఆ ఆడవాళ్లెవరూ కర్మ సిద్ధాంతాన్ని కాదనలేదు, గుడికి వెళ్లడం మానలేదు. తలరాత అనుకున్నదాంట్లో ఎంత భాగం ఎక్సైజు శాఖ రాసిందో విడదీసి చూశారు, అంతే. పురుషకారం అన్న పాత మాటకు ఈ సీమలో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు, అదీ స్త్రీల వల్ల.

జాతకాల సంగతి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. రాసింది మారదంటే పరిహారం దండగ, పరిహారంతో మారుతుందంటే రాసింది తుది తీర్పు కాదు. రెండింటికీ కలిపి దక్షిణ తీసుకునేవారిని ఈ ప్రశ్న ఎందుకో కలవరపెట్టదు. జనం మాత్రం ఆచరణలో తెలివైనవారు. మొహరం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇంటి రొట్టె అంటూ ఒకరి కోసం ఒకరు కేకలు వేసుకుంటారు. కోరిక తీరినవారు ఇస్తారు, తీరాల్సినవారు తీసుకుని తింటారు. బారాషహీద్ దర్గా ముందు ఆ రొట్టెలు మార్చుకునేవారిలో హిందువులూ ముస్లిములూ కలిసే ఉంటారు. తఖ్దీర్ అన్నా తలరాత అన్నా అది పూర్తిగా మూసేసిన తలుపని వాళ్లలో ఎవరూ నమ్మరు. నమ్మితే నీళ్లలోకి దిగరు.

పునర్జన్మ దగ్గరికి వచ్చేసరికి అసలు ప్రశ్న బృహదారణ్యకోపనిషత్తులో ఆర్తభాగుడు అడిగినదే. మనిషి చచ్చాక మాట అగ్నిలోనూ, ఊపిరి గాలిలోనూ, చూపు సూర్యుడిలోనూ కలిసిపోతే, ఆ మనిషి ఎక్కడుంటాడు? జనకుడి సభలో అందరి ముందు ధారాళంగా జవాబులిస్తున్న యాజ్ఞవల్క్యుడు దీనికి మాత్రం, చెయ్యి ఇలా ఇవ్వు నాయనా, ఇది జనంలో మాట్లాడే విషయం కాదంటూ అతణ్ణి పక్కకు తీసుకువెళ్లాడు. వాళ్లు మాట్లాడుకున్నది కర్మ గురించేనని ఉపనిషత్తు చెబుతుంది. పుణ్యకర్మ వల్ల పుణ్యుడు, పాపకర్మ వల్ల పాపి అవుతాడన్న ఒక్క వాక్యం తప్ప ఆ సంభాషణ మనదాకా రాలేదు. మైకు పెట్టి ఎవరు ఏ జన్మలో ఏం చేశారో చెప్పే ప్రవచనాలు విన్నప్పుడల్లా ఆ ఋషి జాగ్రత్త గుర్తుకు రాక మానదు.

ఏది మళ్లీ పుడుతుంది? వేదాంతుల జవాబులో అహంకారానికి కీలక స్థానం ఉంది. శరీరం పోయినా వాసనలతో, అంటే పాత సంస్కారాలతో కూడిన సూక్ష్మశరీరం సాగిపోతుంది. గాలి పూల నుంచి పరిమళాన్ని మోసుకుపోయినట్టు జీవుడు ఇంద్రియాలనూ మనసునూ మోసుకుపోతాడని గీత పదిహేనో అధ్యాయం అంటుంది. ‘నేను చేశాను, నేను అనుభవిస్తున్నాను’ అన్న ముడి ఉన్నంతకాలం కర్మకు పట్టుకోవడానికి ఒక చోటు ఉంటుంది. జ్ఞానం కలిగితే సంచితం కాలిపోతుంది, ఆగామి అంటదు, ప్రారబ్ధం మాత్రం అనుభవించాల్సిందేనని వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల సంప్రదాయం తేల్చింది. ఎందుకంటే ఖాతాదారుడే లేనప్పుడు అప్పు ఎవరి పేరున ఉంటుంది? బౌద్ధులు ఇంకో అడుగు ముందుకు వేసి, మోసుకుపోయేవాడంటూ ఎప్పుడూ లేడు, సాగుతున్న ప్రవాహమే ఉందన్నారు. ఈ రెండు వాదాల మధ్య వెయ్యేళ్లకు పైగా పోట్లాట నడిచింది. అయితే ‘నేను’ను మరీ గట్టిగా పట్టుకోవద్దన్న దగ్గర ఇద్దరూ కలుస్తారు. అలాంటప్పుడు ‘పోయిన జన్మలో నేను మహారాజును’ అని మురిసిపోవడం రెండు సిద్ధాంతాలకూ దూరం.

ఇందులోంచి పుట్టిన ఒక ప్రమాదాన్ని దాటవేయకూడదు. ఛాందోగ్యోపనిషత్తులో, మంచి నడవడి ఉన్నవారు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య యోనుల్లో పుడతారని, చెడు నడవడి ఉన్నవారు కుక్క, పంది, చండాల యోనుల్లో పుడతారని ఒక మాట ఉంది. నడవడికి ఫలం ఉందని చెప్పబోయి, పుట్టుకను బట్టి నడవడిని ఊహించే దారి తెరిచింది ఆ వాక్యం. నీచకులంలో పుట్టాడంటే ఏదో చేసే ఉంటాడన్న తిరగేసిన తర్కానికి శాస్త్రపు ముద్ర పడింది. దేవుడు కొందరిని సుఖంగా, కొందరిని దుఃఖంలో ఎందుకు పుట్టించాడన్న ప్రశ్నకు బ్రహ్మసూత్రాలు వారి వారి కర్మను బట్టే అంటాయి. మొదటి పుట్టుకకు ముందు కర్మ ఎక్కడిదంటే సంసారం అనాది అంటాయి. దేవుడిని నిందనుంచి తప్పించడానికి ఈ జవాబు బాగానే పనిచేసింది. మనుషులు చేసిన అన్యాయాన్ని కూడా అది తప్పించకుండా చూసుకోవాల్సింది, చూసుకోలేదు.

1985 జూలై 17న కారంచేడులో దళితుల మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. అప్పుడా ఊరు ప్రకాశం జిల్లాది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. గొడవకు మూలం వాళ్లు తాగే చెరువు నీళ్లు. ప్రాణాలు దక్కించుకుని చీరాల చేరినవారు ఇది మా కర్మ అని ఊరుకోలేదు. శిబిరం వేసుకుని కూర్చున్నారు, దళిత మహాసభగా ఏర్పడ్డారు, కోర్టుల చుట్టూ తిరిగారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. కర్మ సిద్ధాంతాన్ని సమర్థించదలచినవారు ఆ 23 ఏళ్ల పట్టుదలను తమ లెక్కలో ఏ గడిలో వేస్తారో చెప్పాలి. చేతకు ఫలం ఉంటుందని నిజంగా నమ్మినవారు వాళ్లే అనిపిస్తుంది; దాడి చేసినవారికి ఈ జన్మలోనే ఫలం అందాలని పట్టుబట్టారు, అంతే తేడా.

అదే పునర్జన్మ భావాన్ని గీత ఆరో అధ్యాయం పూర్తిగా మరో పనికి వాడింది. సాధన మొదలుపెట్టి మధ్యలో జారిపోయినవాడి గతి ఏమిటని అర్జునుడు దిగులుగా అడుగుతాడు. చెదిరిన మేఘంలా రెంటికీ చెడతాడా? మంచి చేసినవాడెవడూ దుర్గతి పాలు కాడు నాయనా అంటాడు కృష్ణుడు. వాడు మళ్లీ పుట్టి, ఆపిన చోటి నుంచే అందుకుంటాడని, పాత అభ్యాసమే వాడిని లాక్కుపోతుందని చెబుతాడు. ఇక్కడ గత జన్మ ఎవరి మీదా నేరం మోపదు. సగంలో ఆగిన ప్రయత్నం వృథా పోదన్న హామీ ఒక్కటే ఇస్తుంది. యోని ప్రస్తావన ఇక్కడా ఉంది, సంపన్నుల ఇంట్లోనో యోగుల ఇంట్లోనో పుడతాడంటుంది. అయినా చూపు ముందుకే ఉంది, చేయాల్సిన పని మీదే ఉంది. ఛాందోగ్యపు వాక్యాన్ని పక్కన పెట్టి దీన్నే వినిపించే ప్రవచనకారులు ఈ జిల్లాల్లోనూ కొందరు లేకపోలేదు, వారి సభలకు జనం కాస్త పలచగా వస్తారు.